రెండు నిమిషాల విమానం

చిరంజీవులు చిన్నికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

చిన్నీ, నీ ఉత్తరం అందింది. లెక్క సరిగ్గానే కట్టావు. స్కాట్లాండుకు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే అనే దీవి నుంచి పాపా వెస్ట్రే అనే దీవికి 2.7 కిలోమీటర్లు, విమానంలో రెండు నిమిషాల ప్రయాణం. అంటే గంటకు 81 కిలోమీటర్లు. "నాన్న బండి కూడా అంత పోతుంది, మరి ఆ విమానం కింద పడదా తాతయ్యా?" అన్నావు. నాన్న బండి సంగతి నేను విడిగా మాట్లాడతాను.

విమానం మాత్రం పడదు. ఎందుకో తెలియాలంటే మీరు నాతో కొవ్వూరు రేవుకి రావాలి.

ఆ విమానం మొదలైంది 1967లో. అప్పుడు నేను మూడో తరగతి. గోదావరి మీద రోడ్డు వంతెన 1974లో గానీ రాలేదు. రైలు వంతెన ఉండేది, మా అమ్మమ్మ బయలుదేరే వేళకి రైలే ఉండేది కాదు. అందుకని గోష్పాద రేవులో లాంచీ ఎక్కేవాళ్లం. చిత్రమేమిటంటే, అక్కడ ఏటి వెడల్పూ ఇంచుమించు ఆ 2.7 కిలోమీటర్లే!

శ్రావణమాసం, ఎర్రనీళ్లు. అమ్మమ్మ ఒక చేత్తో కొబ్బరికాయల సంచి, ఇంకో చేత్తో నా రెక్క పట్టుకుని ఒడ్డు నుంచి లాంచీకి వేసిన బల్ల మీద నడిచేది. మధ్యకొచ్చేసరికి బల్ల కిందికి వంగి మళ్లీ లేచేది, నా గుండె కూడా. లాంచీ నడిపే సరంగు తాడు విప్పించి, రాజమండ్రి వైపు తిప్పకుండా ఒడ్డు వెంటే ఎగువకు పోనిచ్చేవాడు. "దారి తప్పాడే అమ్మమ్మా" అని నేను ఏడుపు. బాగా ఎగువకు పోయాక అప్పుడు అడ్డం తిప్పేవాడు. ఏరు తోసుకొస్తుంటే ఏటవాలుగా జారి, సరిగ్గా అవతలి రేవు దగ్గర తేలేవాళ్లం. ఒకసారి నడిఏట్లో గడ్డిమేటు కొట్టుకొచ్చింది, దాని మీద తడిసిన కోడి ఒకటి. అదేమైందో అని ఇప్పటికీ అనుకుంటాను.

విమానానికి గాలే ఏరు. లేవాలన్నా దిగాలన్నా గాలికి ఎదురు నిలవాలి. వెళ్లాల్సిన ఊరు వెనకవైపుంటే ముందు ఎదురుగా లేచి, చుట్టు తిరిగి రావాలి. ఆ రెండు నిమిషాల్లో నేల మీద పరుగూ, మలుపూ, దిగడమూ అన్నీ కలిసి ఉన్నాయి. నువ్వు కట్టిన 81 మొత్తం ప్రయాణానిది, గాల్లో ఉన్నప్పటి వేగం కాదు. గాలి కలిసొచ్చిన ఒకరోజు 53 సెకన్లలో దాటేసింది. దానికి లెక్క కట్టు, 183 వస్తుంది. అయితే మా సరంగు నడిఏట్లో ఇంజను ఆపి బీడీ వెలిగించుకునేవాడు. పైలటుకు ఆ వీలు లేదు, అక్కడ నా లాంచీ పోలిక మునిగిపోయింది.

ఐలాండర్ అనే ఆ బుల్లి విమానంలో ఎనిమిది మంది పడతారు. పైలటు పక్క సీట్లో కూడా ఒకర్ని కూర్చోబెడతారు! మన శంషాబాద్ పెద్ద రన్‌వే ఒక్కటే 4.26 కిలోమీటర్లు. వాళ్ల ప్రయాణమంతా దాని మీదే అయిపోయి ఇంకా చోటు మిగులుతుంది.

"ఈమాత్రానికి విమానమా" అని బుజ్జిగాడు నవ్వాడట. నవ్వకురా. పాపా వెస్ట్రేలో వంద మంది కూడా ఉండరు. వాళ్ల దగ్గరికి టీచరు రావాలన్నా డాక్టరు రావాలన్నా మధ్యలో ఉన్నది సముద్రం. మా అమ్మమ్మకి చెబితే నవ్వేది కాదు, టికెట్టెంత అని అడిగేది.

ఆదివారం గాలి బాగా వీస్తుంటే ఇద్దరూ చెరువుగట్టుకి వెళ్లండి. చేతిరుమాలు పైకెత్తి గాలి ఎటునుంచి వస్తోందో చూడండి. తర్వాత కొంగ లేచేదాకా కదలకుండా కూర్చోండి. అది ముఖం ఎటు పెట్టి లేచిందో కాగితం మీద గీసి పంపండి. బుజ్జిగాడు రాయి విసిరి లేపకూడదు.

మీ తాతయ్య