పావుకిలో దొండకాయలు, నలుగురు మనుషులు: కూరగాయల మీద అపోహలు – వాస్తవాలు

నేను విజయవాడలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. పద్దెనిమిదేళ్లయింది. నా బల్ల మీద ఒక చిన్న కాటా ఉంటుంది. బరువు తగ్గాలని, షుగర్ వచ్చిందని, మలబద్ధకమని ఎవరు వచ్చినా ముందు "కూరగాయలు బాగా తింటారా?" అని అడుగుతాను. "రోజూ తింటాం మేడం, కూర లేకుండా ముద్ద దిగదు మాకు" అంటారు. అందులో అబద్ధం లేదు. తర్వాతి ప్రశ్నతోనే అసలు సంగతి బయటపడుతుంది. నిన్న ఏం కూర, ఎన్ని తెచ్చారు, ఎంతమంది తిన్నారు?

ఈమధ్య సింగ్‌నగర్ నుంచి వచ్చిన ఒకావిడ చెప్పిన లెక్క ఇది. పావుకిలో దొండకాయలు వేపుడు చేశారు. ఇంట్లో నలుగురు. మధ్యాహ్నం అదే, రాత్రీ అదే. కాటా మీద అయిదారు దొండకాయలు పెట్టి చూపించాను. అరవై గ్రాములు. ఆ రోజు మొత్తానికి మనిషికి దక్కిన కూరగాయ అంతే. ఆవిడ కాసేపు ఆ కాయల వంకే చూసి, "మా ఆయనకి, పిల్లలకి ఇంకాస్త ఎక్కువే పడి ఉంటుందండి. నాకు గిన్నెలో మిగిలిందే కదా" అన్నారు. నిజమే. అందరికీ వడ్డించి ఆఖరున కూర్చునే మనిషికి కూర ఎప్పుడూ గిన్నె అడుగున ఉన్నదే మిగులుతుంది. రక్తహీనతతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అలా ఆఖరున కూర్చునేవాళ్లే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార సూచనలు కొత్తగా విడుదల చేసింది. వాటి ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. అంటే రోజంతా మనం తినేదాంట్లో సగం ఇవే ఉండాలి. అరవై ఎక్కడ, నాలుగు వందలు ఎక్కడ! ఒక్కరోజులో అంత దూరం వెళ్లమని నేనెవరికీ చెప్పను. పావుకిలో వండేచోట అరకిలో వండండి, అన్నం ఒక గరిటె తగ్గించండి. మొదటి నెలకు ఇది చాలు.

అపోహ: ఆవకాయ, గోంగూర పచ్చడి, బంగాళాదుంప వేపుడు కూడా కూరగాయలే కదా!

బంగాళాదుంప, చిలగడదుంప లాంటి దుంపల్లో ప్రధానంగా ఉండేది పిండి పదార్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 400 గ్రాముల పండ్లు, కూరగాయలు అని చెప్పేటప్పుడు వీటిని ఆ లెక్కలో వేయదు. అన్నంలో బంగాళాదుంప వేపుడు కలుపుకుంటే పిండిలో పిండి కలుపుకున్నట్టే. నిలవ పచ్చడి సంగతి వేరు. అందులో మామిడి ముక్క ఉంటుంది, కాదనను. కానీ అది నిలవ ఉండేది ఉప్పు బలంతో. రోజు మొత్తానికి ఉప్పు అయిదు గ్రాములు, అంటే ఒక టీ స్పూను దాటకూడదు. అలాంటప్పుడు పచ్చడితో ఎన్ని ముద్దలు తినగలం?

అప్పటికప్పుడు నూరుకునే రోటి పచ్చళ్లను మాత్రం నేను కూరగాయల్లోనే లెక్కేస్తాను. బీరకాయ పచ్చడి, దోసకాయ పచ్చడి, వంకాయ కాల్చి చేసే పచ్చడి, సొరకాయ తొక్కుతో చేసేది, అన్నీ వస్తాయి. పొట్లకాయ పెరుగు పచ్చడి అయితే గిన్నె నిండా పెట్టుకుని స్పూనుతో తినవచ్చు.

అపోహ: ఉప్పూ కారం గట్టిగా పడితేనే కూరకు రుచి.

మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఈ మాటకు ఎదురు చెప్పడం కష్టం. నేను పుట్టింది గుంటూరులోనే. మిరపకాయ ఘాటు లేని భోజనం నాకూ సహించదు. కానీ ఇన్నేళ్లుగా ఇళ్లల్లో వంటలు గమనించాక నాకు గట్టిగా అనిపించిన సంగతి ఇది: కూరలో ఉప్పు కారాలు పెరిగేకొద్దీ మనం కూర తక్కువ, అన్నం ఎక్కువ తింటాం. ఒక చెంచాడు కూర ఆరు ముద్దల అన్నానికి సరిపోతుంది. ఆ ఘాటు తగ్గాలంటే ఇంకాస్త అన్నం కలపాల్సిందే. అలా కూర నంజుకునేదిగా మారిపోయింది.

అందుకే నేను ఇచ్చే మొదటి సలహా కూరగాయల గురించి కాదు, కారం డబ్బాలో ఉండే చెంచా గురించి. కూరముక్కలు రెట్టింపు చేయండి, ఉప్పు కారాలు మాత్రం పాత కొలతే వేయండి. అప్పుడు కూర ఉత్తదే తినగలిగేంత కమ్మగా ఉంటుంది. ఘాటు కావాలనుకుంటే పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి ఉన్నాయి. వారం పది రోజులు చప్పగా ఉన్నట్టే ఉంటుంది. తర్వాత నాలుక అలవాటు పడుతుంది.

అపోహ: నూనె పోయకపోతే వేపుడు వేపుడే కాదు.

జాతీయ పోషకాహార సంస్థ సూచనల్లోనే రోజుకు నూనె, నెయ్యి అన్నీ కలిపి మనిషికి 27 గ్రాములు అని ఉంది. టీ స్పూన్లలో చెప్పాలంటే ఆరు. కూర రెట్టింపు తినండి అంటే నూనె కూడా రెట్టింపు తాగండి అని కాదు కాబట్టి ఇది చెప్పక తప్పదు.

మా అమ్మమ్మ దొండకాయ వేపుడు ఎలా చేసేదో చెబుతాను. అరకిలో దొండకాయలు సన్నగా చక్రాల్లా తరిగేది. మూకుట్లో రెండు మూడు చెంచాల నూనెతో పోపు వేసి, కరివేపాకు చిటపటలాడగానే ముక్కలు, ఉప్పు వేసి ఒకసారి కలిపేది. పైన లోతున్న పళ్లెం మూతగా పెట్టి, ఆ పళ్లెంలో గ్లాసుడు నీళ్లు పోసేది. మూకుడులో లేచిన ఆవిరి ఆ చల్లటి పళ్లేనికి తగిలి మళ్లీ చుక్కలు చుక్కలుగా ముక్కల మీదే పడుతుంది. కూర అడుగంటదు, నూనె అడగదు. సన్న సెగ మీద పది పన్నెండు నిమిషాల్లో ముక్క వేలితో నొక్కితే మెత్తగా ఉంటుంది. అప్పుడు మూత తీసి, సెగ పెంచి, తడి పోయి అంచులు ఎర్రబడేదాకా వేయించి, దించే ముందు నువ్వుల పొడి చల్లేది. గోరుచిక్కుడు, క్యాబేజీ, బీన్స్, అరటికాయ, అన్నింటికీ ఇదే పద్ధతి. ఈ మూత మీది నీళ్ల సంగతి ఇప్పటి నాన్‌స్టిక్ పెనాల కాలంలో చాలామందికి తెలియదు. నేర్పించినప్పుడల్లా నాకు మా అమ్మమ్మ చేతులే కళ్ల ముందు మెదులుతాయి.

వంకాయ మాత్రం స్పాంజి లాంటిది. లోపల గాలి గదులు ఉంటాయి కాబట్టి ముందే నూనెలో వేస్తే పోసిందంతా పీల్చేస్తుంది. ముందు ఆవిరి మీద కానీ కొద్ది నీళ్లలో కానీ సగం ఉడికించి, తర్వాత పోపులో వేయండి. తేడా నూనె సీసాలో కనిపిస్తుంది.

అపోహ: వండితే విటమిన్లన్నీ పోతాయి, పచ్చివే తినాలి.

సగం నిజం. విటమిన్ సి, ఫోలేట్ లాంటివి వేడికి కొంత పోతాయి, నీళ్లలోకి ఇంకొంత దిగిపోతాయి. కానీ క్యారెట్‌లో, ఆకుకూరల్లో ఉండే కెరోటిన్, టమాటాలో ఉండే లైకోపీన్ వండి, కాస్త నూనె తగిలితేనే ఒంటికి బాగా పడతాయి. కాబట్టి కూర వండుకోండి, పక్కన కీర దోస ముక్కలో, నిమ్మకాయ పిండిన క్యారెట్ తురుమో పెట్టుకోండి.

నష్టం ఎక్కువగా జరిగేది పొయ్యి మీద కాదు, సింకు దగ్గర. తరిగిన ముక్కలను గంటసేపు నీళ్లలో నానబెడతారు. గోరుచిక్కుడు ఉడికించి నీళ్లు వార్చేస్తారు. ముందు కడిగి తర్వాత తరగండి. వార్చిన నీళ్లుంటే చారులోకో పప్పులోకో పోయండి. ఆకుకూర పచ్చగా ఉండాలని వంట సోడా వేసే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో చూస్తున్నాను. దయచేసి మానండి. సోడా విటమిన్ సి ని, బి1 ని నాశనం చేస్తుంది.

అపోహ: రాత్రిపూట, వానాకాలం ఆకుకూర తినకూడదు.

రాత్రి తింటే అరగదనడానికి ఆధారమేమీ లేదు. వానాకాలం భయంలో మాత్రం కొంత అర్థం ఉంది. వర్షానికి బురద, సూక్ష్మక్రిములు ఆకుల్ని అంటుకుని ఉంటాయి. దానికి మందు మానేయడం కాదు, కడగడం. కట్ట విప్పి, పాడైన ఆకులు ఏరేసి, పెద్ద గిన్నె నీళ్లలో ముంచి పైకి తీయండి. అడుగున మట్టి పేరుకోవడం ఆగేదాకా నీళ్లు మార్చండి. తర్వాత కుళాయి కింద ఒకసారి కడిగితే చాలు.

ఉండవల్లి, పెనుమాకల్లోని జరీబు పొలాలు, అంటే నీటి వసతి ఉన్న సారవంతమైన భూములు, కృష్ణా నదికి అవతలి ఒడ్డునే ఉన్నాయి. పటమట రైతుబజారుకు పొద్దున్నే వెళ్తే తోటకూర, చుక్కకూర, బచ్చలి తాజాగా దొరుకుతాయి. మూడు కట్టలు వండితే గుప్పెడు అవుతుందని బాధపడకండి. ఆ గుప్పెడులోనే మూడు కట్టల సారం ఉంది. గ్లాసు కందిపప్పులో ఒక కట్ట వేసేవాళ్లు అరగ్లాసు పప్పులో మూడు కట్టలు వేసి చూడండి. ఎండాకాలం మన బెజవాడ వంటింట్లో అరగంట నిలబడటం నరకం, నాకు తెలుసు. పప్పుకూరకు కుక్కర్, మూడు విజిళ్లు, ఒక పోపు, అంతే పని.

ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి తేలిగ్గా పట్టదు. పైన నిమ్మకాయ పిండండి. భోజనం అవగానే టీ, కాఫీ తాగకండి, కనీసం గంట ఆగండి. రక్తం తక్కువున్న ఆడవాళ్లకు ఈ రెండు మాటలూ కాగితం మీద రాసి ఇస్తాను.

అపోహ: బాలింత కూరగాయలు తింటే బిడ్డకు జలుబు చేస్తుంది.

దీని గురించి రాసేటప్పుడు నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. నా మొదటి కాన్పు తర్వాత ఇరవై ఒక్క రోజులు వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నం. సొరకాయ చలవ, వంకాయ చీము పట్టిస్తుంది, ఆకుకూర బిడ్డకు విరేచనాలు. నీళ్లు కూడా కొలిచి ఇచ్చారు. నేను పోషకాహారం చదువుకున్నదాన్నే. అయినా ప్రేమతో పెట్టేవాళ్లకు ఎదురు చెప్పలేకపోయాను. కుట్ల నొప్పికి తోడు మలబద్ధకం. బాత్రూములో ఏడ్చిన రోజులున్నాయి.

కాన్పులో రక్తం పోయి, పాలు ఇస్తున్న తల్లికి మామూలు రోజులకన్నా ఎక్కువ పోషకాలు కావాలి. సొరకాయ తింటే పాలలోంచి బిడ్డకు జలుబు వెళ్లదు, జలుబు వైరస్‌తో వస్తుంది. వంకాయ పడనివాళ్లు, తింటే దురద వచ్చేవాళ్లు కొందరుంటారు, వాళ్లు మానేయాలి. మిగతావాళ్లకు కుట్లు మానడానికి వంకాయ అడ్డు కాదు. అత్తయ్యలతో, అమ్మలతో నేను గొడవ పెట్టుకోను. "బీరకాయ, పొట్లకాయ మీ పథ్యంలో కూడా ఉన్నాయి కదమ్మా, మూడో రోజు నుంచే మొదలుపెట్టండి, పాలకూర పప్పులో నెయ్యి వేసి పెట్టండి" అంటాను. వెల్లుల్లి కారం మానమనను. దాని పక్కన గిన్నెడు కూర చేర్చమంటాను. చాలామంది ఒప్పుకుంటారు.

అపోహ: చేదు ఎంత ఉంటే షుగర్‌కు అంత మంచిది.

ఇది ప్రాణాల మీదికి తెచ్చే అపోహ. కాకరకాయ చేదు సహజం, కూర వండుకుని హాయిగా తినండి. కానీ కాకర రసం తాగుతూ షుగర్ మాత్రలు ఆపేస్తే ఏమవుతుందో ఆస్పత్రిలో చూశాను. మాత్రకు అది బదులు కాదు. సొరకాయ, బీరకాయ, దోసకాయ చేదుగా ఉంటే అది పూర్తిగా వేరే సంగతి. ఆ చేదు కుకుర్బిటసిన్ అనే విష పదార్థానిది. చేదు సొరకాయ రసం తాగి వాంతులు, రక్త విరేచనాలతో చనిపోయినవాళ్లు మన దేశంలో ఉన్నారు. దోసకాయ తరిగేటప్పుడు చిన్న ముక్క నాలుక మీద వేసుకుని చూసే అలవాటు మనకు ఉండనే ఉంది. సొరకాయకు, బీరకాయకు కూడా అదే చేయండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. వండినా ఆ విషం పోదు.

క్యారెట్, బీట్‌రూట్ తియ్యగా ఉన్నాయని షుగర్ ఉన్నవాళ్లు భయపడనక్కర్లేదు. అంతే బరువున్న అన్నంతో పోలిస్తే వాటిలో పిండి పదార్థం మూడో వంతుకు అటూఇటూ ఉంటుంది. ఇంకో చిట్కా కూడా పనిచేస్తుంది: ముందు కూర, పప్పు కొంత ఉత్తదే తినేసి, అన్నం తర్వాత కలుపుకోవడం. దీనివల్ల భోజనం తర్వాత షుగర్ పెరగడం కొంత తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది.

అపోహ: మా పిల్లాడికి కూరగాయలంటే పడదు.

కొత్త రుచి పిల్లలకు నచ్చడానికి ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేను సార్లు కూడా పెట్టాల్సి వస్తుంది. మనం మూడోసారికే "వీడు తినడు" అని తీర్మానించి గుడ్డు పొరటు చేసి పెడతాం. తిట్టకుండా, బతిమాలకుండా ఒక్క ముక్క పళ్లెంలో వేసి వదిలేయండి. ముక్కల పులుసులో ములక్కాడ చీకడం, బెండకాయ గింజలు లెక్కపెట్టడం ఆటలా మొదలవుతుంది. నాన్న పళ్లెంలో అదే కూర ఉండాలి. తండ్రి పక్కకు తోసేసిన కూరను కొడుకు తినడు.

చివరిగా కొందరికి ప్రత్యేకంగా. కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమన్నవాళ్లు, పాలకూర లాంటివి తగ్గించమని డాక్టర్ చెప్పిన కిడ్నీ రాళ్లవాళ్లు పైన రాసినవన్నీ ఉన్నపళంగా మొదలుపెట్టకండి. వార్ఫరిన్ లాంటి రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్ర వేసుకునేవాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు కానీ రోజూ ఒకే మోతాదులో తినాలి. ఒక వారం అసలు లేకుండా, మరుసటి వారం రోజుకు మూడు కట్టలు తింటే మందు లెక్క తప్పుతుంది. మీ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వారం రోజులు ఏ కూర, ఎంత తిన్నారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.