స్కిజోఫ్రీనియా వంశంలో ఉంటే... అపోహలు, వాస్తవాలు

లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటి లక్షణాలుండే మానసిక జబ్బు స్కిజోఫ్రీనియా. అది ఉన్న కుటుంబాల్లో జన్యు కారణాలు వెతకడం నా పని. కానీ ఫోన్లు మాత్రం ఎక్కువగా పెళ్లి సంబంధాల గురించే, "అబ్బాయి వాళ్ల బాబాయికి ఉందటండీ, ముందుకెళ్లొచ్చా?" అని.

అపోహ: ఇంట్లో ఒకరికి ఉంటే పిల్లలకి వచ్చి తీరుతుంది.

అలా ఏం లేదు. మామూలుగా నూటికి ఒకరికి వచ్చే జబ్బు, తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో నూటికి పదిమందికి అటూ ఇటూగా వస్తుంది, బాబాయి, మేనత్త లాంటి వాళ్లకైతే ఆ లెక్క ఇంకా బాగా తగ్గుతుంది. ముప్పు పెరగదని చెప్పను. కానీ అచ్చుగుద్దినట్టుండే కవలల్లో కూడా ఒకరికి ఉంటే రెండోవారికి వచ్చేది సగం కన్నా తక్కువసార్లే.

అపోహ: మా వంశంలో ఎవరికీ లేదు, ఎవరో ఏదో చేయించారు.

చేతబడి సంగతి వదిలేయండి. ఈ జబ్బున్న వాళ్లలో ఎక్కువమందికి తల్లిదండ్రుల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఇంకెవరికీ ఉండదు. 2022లో వచ్చిన పెద్ద అధ్యయనంలో మన జన్యువుల్లో 287 చోట్ల ఈ జబ్బుతో సంబంధమున్న తేడాలు కనిపించాయి, ఒక్కోటీ ముప్పుని రవ్వంతే పెంచుతుంది, అమ్మ నుంచి కొన్ని, నాన్న నుంచి కొన్ని వచ్చి, వాళ్లిద్దరూ బాగానే ఉన్నా ఒక బిడ్డలో మాత్రం ఎక్కువ పోగుపడొచ్చు. అరుదుగా ఇద్దరిలోనూ లేని మార్పు బిడ్డలోనే కొత్తగా పుడుతుంది.

అందుకే బాగున్నవాళ్ల రక్తం కూడా అడుగుతాం. "జబ్బు తమ్ముడికైతే నాకెందుకు సూది?" అని అన్నలు విసుక్కుంటారు, న్యాయమే, కానీ పోల్చి చూడ్డానికి అదే ఇంట్లో పుట్టి జబ్బు రాని మనిషే మాకు బాగా పనికొస్తాడు.

అపోహ: తల్లి పెంపకం సరిగ్గా లేక వచ్చింది.

ఇది వింటే ఒళ్లు మండుతుంది. 1966లో అమెరికాలో లెనార్డ్ హెస్టన్ అనే సైకియాట్రిస్ట్, స్కిజోఫ్రీనియా ఉన్న తల్లులకి పుట్టి మూడ్రోజుల్లోపే వాళ్లకి దూరమై పెరిగిన 47 మందిని చూస్తే, ఐదుగురికి ఆ జబ్బు ఉంది. తల్లికి ఈ జబ్బు లేకుండా అలాగే వేరేచోట పెరిగిన 50 మందిలో ఒక్కరికీ లేదు. అయినా మన ఇళ్లలో నింద ఇంకా కోడలి మీదే.

అపోహ: రక్తం ఇచ్చాం, వస్తుందో రాదో రిపోర్ట్ ఇస్తారు.

ఇవ్వలేం, అలా తేల్చే పరీక్షే లేదు. 22వ క్రోమోజోములో ఒక ముక్క లేకుండా పుట్టినవాళ్ల లాంటి అరుదైన కేసులు వేరు, వాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఈ తరహా జబ్బు వస్తుంది. డబ్బు తీసుకుని, జన్యువులు చూసి ముప్పు ఎంతో లెక్కగట్టే రిస్క్ స్కోర్ చెబుతామంటే నమ్మకండి, వాటి వెనకున్న డేటాలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్న వాళ్లది, మనవాళ్లకి అంతగా సరిపోదు. ఆ డబ్బు మిగుల్చుకుని, ఇంట్లో ఒకరికి ఉంటే మిగతా కుర్రాళ్లని గంజాయి జోలికి పోనివ్వకండి, ఎవరైనా ఉన్నట్టుండి నిద్ర మానేసి, అందర్నీ అనుమానిస్తూ గదిలోంచి రాకపోతే సైకియాట్రిస్ట్‌కి వెంటనే చూపించండి.