నాలుగో గోడ: చదువు గదిలో టీవీ వివాదానికి వెనక ఉన్న కథ

కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో, పత్రికలు చదువుకునే గది గోడకు పెద్ద టీవీ బిగించాలన్న ప్రతిపాదన ఈ వారం మళ్లీ రాజుకుంది. ఈసారి ఇరుపక్షాలూ సాక్ష్యానికి తెస్తున్నది ఒకే నవల, రే బ్రాడ్‌బరీ 1953లో ప్రచురించిన ‘ఫారెన్‌హీట్ 451’. టీవీ కావాలనేవారి వాదన చిన్నది: పోటీ పరీక్షల పాఠాలు అందరికీ ఒకేసారి చూపవచ్చు, పైగా ఆ నవల పుస్తకాలు తగలబెట్టే ప్రభుత్వం గురించేగాని టీవీ గురించి కాదు. వద్దనేవారు మాత్రం అది టీవీ గురించేనంటున్నారు.

నవల కథ చాలామందికి తెలిసిందే. అసలు మలుపు అంతకు రెండేళ్ల ముందే ఉంది. 1949లో వచ్చిన జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’లో ఇంటి గోడ మీది తెర మనుషులను కనిపెట్టి ఉంటుంది, సామాన్యులు దాని చప్పుడు తగ్గించగలరే గాని ఆర్పలేరు. 1951 నాటి బ్రాడ్‌బరీ కథ ‘ది పెడెస్ట్రియన్’ ఆ భయాన్ని తిరగేసింది. 2053 నవంబరు రాత్రి లియొనార్డ్ మీడ్ ఒక్కడే వీధిలో నడుస్తుంటాడు; జనమంతా ఇళ్లలో తెరల ముందున్నారు. ముప్ఫై లక్షల జనాభాకు మిగిలిన ఒకే ఒక పోలీసు కారు అతణ్ణి ఆపి వృత్తి ఏమిటని అడుగుతుంది. రచయితనని చెబితే, వృత్తి లేదని రాసుకుంటుంది. ఊరికే నడుస్తున్నందుకు మానసిక పరిశోధన కేంద్రానికి తీసుకుపోతుంది. ఆ కారులో మనిషే ఉండడు. నడుస్తూండగా పోలీసు తననే ఆపి ప్రశ్నించిన అనుభవంలోంచే బ్రాడ్‌బరీకి ఈ కథ పుట్టింది.

ఆ తెరలను ఎవరూ బలవంతంగా బిగించలేదు. ‘ఫారెన్‌హీట్ 451’లో కథానాయకుడి భార్య మిల్‌డ్రెడ్‌కు మూడు గోడల నిండా ఉన్న టీవీ తెరలు చాలవు, నాలుగోదీ కావాలంటుంది. ఖరీదు రెండు వేల డాలర్లు, అంటే భర్త ఏడాది జీతంలో మూడో వంతు. పుస్తకాలు కాల్చే దళానికి అధిపతి అయిన బీటీయే, పుస్తకాల మీద నిషేధం మొదట ప్రభుత్వం నుంచి దిగిరాలేదని ఒప్పుకుంటాడు. తన నవల సెన్సార్‌షిప్ గురించి కాదని, టీవీ చదువరితనాన్ని చంపడం గురించని బ్రాడ్‌బరీ 2007లో తేల్చి చెప్పాడు. 1985లో ఆయన పేరిటే ఒక టీవీ ధారావాహిక మొదలైందన్న సంగతిని మాత్రం వద్దనేవారు ఎత్తడం లేదు.

ఈ కథల్లో కనిపించని దశ ఒకటి డెల్టా చూసింది. 1987, 88లలో ‘రామాయణ్’ వచ్చే ఆదివారం ఉదయాల్లో, టీవీ ఉన్న ఇంట్లో చోటు చాలక జనం అరుగు మీద నుంచి తొంగిచూసేవారు. ఇంటింటికీ టీవీ వచ్చాక ఆ అరుగులు ఖాళీ అయ్యాయి. ఇప్పుడు సాయంత్రాలు పెద్దలు కూడేది ఈ గ్రంథాలయంలోనే. ఒకే దినపత్రికను నాలుగు షీట్లుగా విడదీసి, నలుగురూ మార్చుకుంటూ చదువుతారు. టీవీ బిగించదలచిన గోడ సరిగ్గా వారి బల్లకు ఎదురుగా ఉంది. బల్లను ఎక్కడికి జరుపుతారన్నది ప్రతిపాదనలో లేదు.