స్తంభం మీద రెండు తీగలు: కేబుల్ నెట్‌కి ఫైబర్ పోటీ

విశాఖలో ఏ కాలనీకి వెళ్లినా ఒకసారి తలెత్తి కరెంటు స్తంభం చూడండి. వేలు లావున ఒక నల్లటి పాత కేబుల్, దాని మధ్యలో ఎక్కడో వేలాడే వెండిరంగు డబ్బా కనిపిస్తాయి, అది టీవీ కేబుల్. దాని పక్కనే పెన్సిల్ కన్నా సన్నగా, మిగిలిన పొడవుని చుట్టలు చుట్టి కట్టేసిన తీగలు నాలుగైదు ఉంటాయి, అవి ఫైబర్. ఈ సన్న తీగలు వచ్చిన దగ్గర్నుంచి నెట్ కంపెనీల పోటీ అంటే ఎవరు ఎన్ని ఓటీటీలు కలిపి ఇస్తున్నారు, ఎవరు రూటర్ ఫ్రీగా ఇస్తున్నారు అన్న మాటలే వినిపిస్తున్నాయి. నాకైతే అసలు పోటీ అక్కడ లేదనిపిస్తుంది. సిగ్నల్ టీవీ కేబుల్‌లోని రాగిలో వస్తోందా, ఫైబర్‌లోని గాజులో వస్తోందా అన్నదానితో సగం తేలిపోతుంది, మీ వీధిలోకి రెండో తీగని రానిచ్చారా లేదా అన్నదానితో మిగతా సగం.

ముందు రాగి సంగతి చూద్దాం. టీవీ కేబుల్‌ని కోయాక్సియల్ అంటారు, మధ్యలో ఒక లోహపు తీగ, చుట్టూ నురగలాంటి తెల్ల ప్లాస్టిక్, దాని మీద అల్లిన లోహపు జాలీ, పైన నల్ల తొడుగు. ఇళ్లలోకి వచ్చే ఆర్‌జీ-6 రకం కేబుల్‌లో 1 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర 100 మీటర్లకి సుమారు 20 డెసిబెల్స్ సిగ్నల్ పోతుంది. డెసిబెల్స్ లెక్క అలవాటు లేనివాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు, 10 పోతే పదోవంతు మిగిలినట్టు, 20 పోతే వందోవంతు మిగిలినట్టు. అంటే సందు ఈ చివర వంద పాళ్లు పంపితే ఆ చివరికి చేరేది ఒక్క పాలు. అందుకే మెయిన్ లైన్‌కి ఇంకా లావుపాటి కేబుల్ వేస్తారు, అయినా కొన్ని వందల మీటర్లకి ఒక యాంప్లిఫయర్ పెట్టక తప్పదు, ఆ వెండిరంగు డబ్బా అదే. దానికి కరెంటు కావాలి. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా వీధిలో యాంప్లిఫయర్‌కి కరెంటు పోతే మీ నెట్ పోయినట్టే. పైగా అది సిగ్నల్‌ని పెంచేటప్పుడు దాంట్లో కలిసిన నాయిస్‌ని, అంటే అక్కర్లేని గోలని కూడా పెంచి పంపిస్తుంది.

అసలు చిక్కు అప్‌లోడ్‌లో ఉంది. కేబుల్ వ్యవస్థని కట్టింది టీవీ కోసం, అంటే అటు నుంచి ఇటు రావడమే తప్ప ఇటు నుంచి అటు పోయేది ఏమీ ఉండదు. మన దేశంలో 1991 గల్ఫ్ యుద్ధం రోజుల నుంచి డిష్ పెట్టుకుని ఇళ్లకి తీగలు లాగిన కుర్రాళ్లకి తిరుగు ప్రయాణంతో పనేముంటుంది? అదే తీగ మీద ఇంటర్నెట్ ఇవ్వడానికి 1997లో డాక్సిస్ అనే ప్రమాణం వచ్చింది. టీవీ చానల్స్ మధ్య ఖాళీగా ఉన్న చోట్లని డేటాకి వాడుకున్నారు, 8 మెగాహెర్ట్జ్ చానల్ ఒక్కటి ఖాళీ ఉంటే సెకనుకి 50 మెగాబిట్ల దాకా దింపొచ్చు. కానీ అప్‌లోడ్‌కి మిగిలింది కింద అడుగున ఉన్న 5 నుంచి 65 మెగాహెర్ట్జ్ ముక్క, అమెరికాలో ఇంకా తక్కువ, 42 దాకానే. మిక్సీలు, మోటార్లు, వదులైన స్విచ్‌లు పుట్టించే గోల ఎక్కువగా ఆ ముక్కలోనే ఉంటుంది. ఒక ఇంట్లో కనెక్టర్ వదులైతే అందులోంచి దూరిన నాయిస్ వీధి మొత్తం అప్‌లోడ్‌లో కలుస్తుంది, ఎందుకంటే అన్ని ఇళ్ల నుంచి పైకి పోయే దారి ఒక్కటే. ఇక మన ఊళ్లో సముద్రపు గాలి సంగతి చెప్పేదేముంది, బీచ్ రోడ్డు వైపు ఇళ్లల్లో కిటికీ గ్రిల్సే నిలవవు, కేబుల్ చివర బిగించిన లోహపు కనెక్టర్ ఎంతకాలం తుప్పు పట్టకుండా ఉంటుంది?

నిజానికి మన దగ్గర చాలామంది లోకల్ ఆపరేటర్లు డాక్సిస్ జోలికే పోలేదు. ఎవరిదో మేడ మీద నెట్‌ని చాలా వైర్లకి పంచే స్విచ్ అనే పెట్టె పెట్టి, ఆ ఇంటివాళ్లకి నెట్ ఉచితంగా ఇచ్చి కరెంటు తీసుకుని, అక్కడి నుంచి చుట్టుపక్కల ఇళ్లకి నీలం రంగు లాన్ వైర్లు లాగేవాళ్లు. లాన్ వైర్‌కి హద్దు 100 మీటర్లు, ఉరుము ఉరిమితే స్విచ్ పోర్టులు కాలిపోయేవి. ఆ ఇంటాయన ఊరెళ్తూ మెయిన్ ఆపేస్తే వీధంతా ఫోన్లు. అయినా ఆ రోజుల్లో ఆ మాత్రం నెట్ ఇచ్చింది వాళ్లే, ఆ మాట మర్చిపోకూడదు.

ఇప్పుడు గాజు. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1954లో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి సన్నని గాజు పోగుల కట్టలోంచి బొమ్మని వంపులు తిప్పి పంపించి చూపించారు, కానీ అప్పటి గాజులో వెలుగు కొన్ని మీటర్లు పోయేసరికే ఆరిపోయేది. 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ లెక్కగట్టి, తప్పు గాజుది కాదు, గాజులోని మలినాలది అన్నారు. కిలోమీటరుకి 20 డెసిబెల్స్ నష్టంతో గాజు చేయగలిగితే టెలిఫోన్లకి పనికొస్తుందని కూడా చెప్పారు. నాలుగేళ్లకి, 1970లో కార్నింగ్ కంపెనీలో మారర్, కెక్, షుల్ట్జ్ దాన్ని 17కి దించారు. కావ్‌కి 2009లో నోబెల్ వచ్చింది. ఇవాళ మీ వీధి స్తంభం మీది గాజులో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగుకి కిలోమీటరుకి పోయేది 0.2 డెసిబెల్స్ మాత్రమే. 3 డెసిబెల్స్ పోతే సగం మిగిలినట్టు కాబట్టి, వెలుగు సగానికి తగ్గాలంటే 15 కిలోమీటర్లు పోవాలి, ఇంచుమించు గాజువాక నుంచి నగరం నడిబొడ్డుకి వచ్చేంత దూరం. రాగిలో 100 మీటర్లకి వందోవంతు, గాజులో 15 కిలోమీటర్లకి సగం. ఈ ఒక్క తేడాలోంచే తక్కినవన్నీ పుట్టాయి.

నష్టం ఇంత తక్కువ కాబట్టి వీధిలో యాంప్లిఫయర్ అక్కర్లేదు, కరెంటే అక్కర్లేదు. కంపెనీ ఆఫీసులో ఓఎల్‌టీ అనే పెట్టె ఉంటుంది, దాని ఒక్కో పోర్టు నుంచి ఒక్క గాజు పోగు బయల్దేరుతుంది. స్తంభం మీది చిన్న డబ్బాలో స్ప్లిటర్ ఉంటుంది, అది వెలుగుని 8గానో 32గానో 64గానో చీలుస్తుంది, ఒక్కో పాయ ఒక్కో ఇంటికి పోయి అక్కడి ఓఎన్‌యూ అనే చిన్న పెట్టెలో ఆగుతుంది. ఇలా ఒక పోగుని చాలా ఇళ్లకి పంచే పద్ధతుల్లో ఒకటైన జీపాన్‌లో ఆ పోర్టు మొత్తానికి డౌన్‌లోడ్ సెకనుకి దాదాపు 2.5 గిగాబిట్లు, అప్‌లోడ్ 1.25 గిగాబిట్లు. ఒకే పోగులో కిందికి వచ్చే వెలుగు 1490 నానోమీటర్లు, పైకి పోయేది 1310, రెండూ ఒకదాన్ని ఒకటి అడ్డుకోవు. కిందికి వచ్చే డేటా అందరి ఇళ్లకీ చేరుతుంది, ఎవరి ఓఎన్‌యూ వాళ్ల వాటానే విప్పుకుంటుంది. పైకి పోయేటప్పుడు మాత్రం స్కూల్లో హాజరు పిలిచినట్టే, ఓఎల్‌టీ పిలిచిన ఓఎన్‌యూ మాత్రమే తన వంతులో వెలుగు వదలాలి. ఒకరిల్లు దగ్గర, ఒకరిల్లు దూరం కాబట్టి ఎవరి దూరం ఎంతో ఓఎల్‌టీ ముందే కొలిచి పెట్టుకుని, వంతులు గుద్దుకోకుండా సమయం సర్దుతుంది.

కాబట్టి ఫైబర్ అంటే మీ ఒక్కరి సొంత దారి అని ఎవరైనా చెబితే నమ్మకండి. 2.5 గిగాబిట్లు 32 ఇళ్లకి సమానంగా పంచితే తలా 78 మెగాబిట్లు. అందరూ ఒకే క్షణంలో వాడరు గనుక 100 ప్లాన్‌లో నిజంగానే 100 వస్తుంది, రాత్రి తొమ్మిదింటికి స్పీడ్ పడిపోతే మాత్రం ఎక్కువసార్లు తప్పు గాజుది కాదు, ఓఎల్‌టీ వెనక కంపెనీ కొన్న బ్యాండ్‌విడ్త్ చాలకపోవడం.

మన రాష్ట్రంలో ఈ గాజుని పెద్ద ఎత్తున ఇళ్ల దాకా తెచ్చింది ప్రైవేటు కంపెనీలు మాత్రమే కాదు. ప్రభుత్వ సంస్థ ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ రోడ్లు తవ్వడం మానేసి కరెంటు స్తంభాల మీదుగా 20 వేల కిలోమీటర్లకి పైగా ఫైబర్ వేసింది. దాని నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్ పెట్టింది విశాఖలోనే. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు, నెలకి 149 రూపాయలకి నెట్, టీవీ, ఫోన్ మూడూ అన్నారు. ఇందులో నాకు బాగా నచ్చింది ధర కాదు, ఇంటింటికీ తీగ లాగే పనిని ఉన్న కేబుల్ ఆపరేటర్లకే అప్పగించడం. 2018 అక్టోబర్‌లో రిలయన్స్ సంస్థ హాత్‌వే, డెన్ అనే రెండు పెద్ద కేబుల్ కంపెనీల్లో మెజారిటీ వాటా కొంటున్నట్టు ప్రకటించి, మరుసటి ఏడాది సెప్టెంబర్ 5న జియోఫైబర్‌ని మొదలుపెట్టడం కూడా ఈ లెక్కే. కొత్తగా వచ్చేవాళ్ల దగ్గర గాజు, డబ్బు ఉంటాయి, స్తంభం నుంచి మీ హాల్లో టీవీ దాకా వచ్చే ఆ చివరి 50 మీటర్లు మాత్రం కేబుల్ అతని చేతిలో ఉంటాయి.

అమెరికాలోనూ ఇలాంటి కథ ఒకటుంది. టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగాలో ఊరి కరెంటు సంస్థ ఈపీబీ సొంతంగా ఫైబర్ వేసి, 2010లో ఊరంతటికీ 1 గిగాబిట్ ఇస్తామంది. అక్కడి పెద్ద కేబుల్ కంపెనీ కామ్‌కాస్ట్ ముందు కోర్టుకి వెళ్లింది, ఆపలేకపోయింది. 2015లో అదే కామ్‌కాస్ట్ ఆ ఊళ్లో 2 గిగాబిట్ల ప్లాన్ ప్రకటించింది, అదీ తన కోయాక్స్ మీద కాదు, ఫైబర్ మీద. అలాగని కోయాక్స్ పని అయిపోయిందనుకోకూడదు, డాక్సిస్ 3.1 మీద కాగితం మీద 10 గిగాబిట్ల దాకా దింపొచ్చు, వేలాది కిలోమీటర్ల కోయాక్స్ ఉన్నవాళ్లు దాన్ని పీకి పారేయడం కన్నా ఫైబర్‌ని వీధి దాకా తెచ్చి చివరి ముక్క మాత్రం కోయాక్స్‌గా ఉంచుకోవడమే చవక. మన ఊళ్లో ఆపరేటర్లకి అలాంటి మంచి కోయాక్స్ లేదు కాబట్టి నేరుగా గాజుకి మారడమే వాళ్లకి తేలికైంది.

గాజుకి కష్టాలు లేవా అంటే ఉన్నాయి. టిప్పర్ తగిలినా, చెట్టు కొమ్మలు కొట్టేవాళ్ల కత్తి తగిలినా, ఉడత కొరికినా తెగుతుంది. కోయాక్స్ తెగితే కటింగ్ ప్లేయర్‌తో పది నిమిషాల్లో అతికేవాళ్లు, గాజుకి ఆ పప్పులుడకవు. అక్కయ్యపాలెంలో ఒక సాయంత్రం వర్షం కాస్త తగ్గాక ఫైబర్ కట్ అతికిస్తుంటే పక్కనే నిలబడి చూశాను. ముందు ఓటీడీఆర్ అనే యంత్రంతో వెలుగు వదిలి, తెగిన చోట తగిలి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఎంత దూరంలో తెగిందో పట్టుకున్నారు, కిలోమీటరుకి రానూపోనూ 10 మైక్రోసెకన్లు. తర్వాత ఆటో సీటు మీదే పోగుల్ని అతికే స్ప్లైసింగ్ మెషీన్ పెట్టి, తొడుగు ఒలిచి, పోగుని స్పిరిట్‌తో తుడిచి, చిన్న కత్తెరలాంటి పనిముట్టుతో చివర నిటారుగా తెంపారు. ఆ పోగు మందం 125 మైక్రాన్లు, అందులో వెలుగు నడిచే భాగం 9 మైక్రాన్లే. మెషీన్ తెర మీద రెండు పోగులూ ఎదురెదురుగా దూలాల్లా కనిపిస్తాయి, అవే జరుపుకుని ఒక వరుసలోకి వస్తాయి, చిటుక్కున నిప్పురవ్వ, రెండూ కరిగి ఒకటైపోయాయి. తెర మీద 0.02 డెసిబెల్స్ అని పడింది. వీధిలైటు కింద, పైన చినుకులు పడుతుంటే ఆ అబ్బాయి గొడుగు తన తల మీద కాకుండా మెషీన్ మీద పట్టించాడు. ఆ పనితనానికి మనమిచ్చే విలువ చాలా తక్కువని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక స్తంభాల సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మనూళ్లో స్తంభాలు వేలల్లో కూలాయి, వాటితో పాటు ఉన్న తీగలన్నీ నేలకొరిగాయి. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో కరెంటు తీగల్ని భూమిలోకి మార్చే పని మొదలైంది. తుపాను ఊరికి అది చాలా మంచి పని, కానీ స్తంభం పోతే దాని మీద వేలాడుతున్న కేబుల్ ఎక్కడికి పోవాలి? భూమిలో డక్ట్, అంటే తీగల కోసం వేసిన గొట్టం, ఉంటే అందులోకి. ఆ డక్ట్‌లో ఎవరికి ఎంత చోటిస్తారు, అద్దె ఎంత అన్నదే రేపటి పోటీని తేలుస్తుంది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త రైట్ ఆఫ్ వే (తీగలు వేయడానికి దారి ఇచ్చే) నిబంధనలు అనుమతుల తంతుని దేశమంతా ఒక పద్ధతిలోకి తెచ్చాయి, అది మంచిదే. అపార్ట్‌మెంట్లలో మాత్రం పరిస్థితి వేరు. మధురవాడ వైపు నాకు తెలిసిన ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఒక్క కంపెనీకే లోపలికి దారి, వేరేవాళ్లు వస్తే డక్ట్ తాళం తీయరు. అక్కడ వంద ఫ్లాట్లకీ పైకప్పు దాకా గాజే ఉంది, పోటీ మాత్రం లేదు, నెట్ పోతే రెండు రోజులైనా అడిగే నాథుడు లేడు. భవనాల్లో నెట్ ఏర్పాట్లకి రేటింగ్ ఇవ్వడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబర్‌లో నిబంధనలు తెచ్చింది. ఫ్లాట్ కొనేటప్పుడు లిఫ్ట్, పార్కింగ్ అడిగినట్టే దీన్ని కూడా అడగాలి.

మరి సముద్రం కింద కేబుల్స్ విశాఖకే వచ్చేస్తున్నాయిగా, ఇక మనకి స్పీడే స్పీడు కదా అని చాలామంది అంటున్నారు. 2025 అక్టోబర్ 14న గూగుల్ ఇక్కడ 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్‌తో పాటు సముద్ర కేబుల్ గేట్‌వే కూడా పెడతామని ప్రకటించింది, ఊరికి అది పెద్ద విషయమే. కానీ మీ ఇంటి లెక్క చూడండి. గాజులో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సింగపూర్‌కి చెన్నై మీదుగా వెళ్లకుండా ఇక్కడి నుంచే వెళ్తే ఆదా అయ్యేది ఓ 600 కిలోమీటర్లు, రానూపోనూ 6 మిల్లీసెకన్లు. వీధి చివర స్ప్లిటర్ డబ్బాలోకి నీళ్లు దిగినా, మడిచి కట్టిన తీగలోంచి వెలుగు బయటికి కారుతున్నా ఆ 6 మిల్లీసెకన్లు మిమ్మల్ని కాపాడవు.

అందుకని ఈసారి కొత్త కనెక్షన్‌కి కుర్రాడు వచ్చినప్పుడు ప్లాన్ ఎంత అని అడిగి ఊరుకోకండి. అప్‌లోడ్ ఎంత, ఒక పోర్టుకి ఎన్ని ఇళ్లు, కరెంటు పోతే ఓఎల్‌టీకి ఎన్ని గంటల బ్యాటరీ ఉంది అని అడగండి. వెలుగు బలాన్ని కొలిచే పవర్ మీటర్ తెమ్మని, మీ ఇంట్లో తీగ చివర రీడింగ్ చూపించమనండి. మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు, జీపాన్‌లో అది మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు, మైనస్ 27 అంటే ఓఎన్‌యూ అంచు మీద ఉన్నట్టు, రేపో మాపో లాస్ అని రాసి ఉన్న ఎర్ర లైటు వెలుగుతుంది. అలా ఉంటే సంతకం పెట్టకుండా, ఎక్కడ మడత పడిందో చూసి స్ప్లైస్ మళ్లీ చేయమనండి, అతను ఇంకా మీ ఇంట్లో ఉన్నప్పుడే.