పంచాయతీ డబ్బుకు లెక్క అడగాల్సింది సర్పంచ్‌నేనా?

2021 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో చాలామంది సర్పంచ్‌లు పంచాయతీ ఖాతా చూసుకుంటే ఆర్థిక సంఘం నిధులు, అంటే ఆ సంఘం సిఫారసు మీద కేంద్రం పల్లెలకు ఇచ్చే గ్రాంట్లు, కనిపించలేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే గెలిచి వచ్చినవాళ్లు వాళ్లంతా. వీధిదీపాలకీ మంచినీటి మోటార్లకీ పంచాయతీలు కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలకు బాకీ ఉన్నాయని, ఆ కరెంటు బిల్లుల కింద రాష్ట్ర ప్రభుత్వమే డబ్బు సర్దుబాటు చేసేసింది. మా తీర్మానం లేకుండా ఎలా తీస్తారని సర్పంచ్‌లు రోడ్డెక్కారు. బాకీ ఉంటే ఉండొచ్చు, కానీ దేనికి ఎంత, ఎప్పుడు కట్టాలో తేల్చుకోవాల్సింది పంచాయతీయే కదా. తర్వాత ఈ గ్రాంట్లకు విడిగా బ్యాంకు ఖాతాలు తెరవాల్సిందేనని కేంద్రం పట్టుబట్టింది.

అప్పుడు అందరం దీన్ని పార్టీల గొడవగానే చూశాం. కానీ స్థానిక సంస్థల డబ్బు మీద శాసనసభ కన్ను ఉండాలన్న మాట నలభై ఏళ్లకు పైగా కాగితాల మీద తిరుగుతోంది, ఆ కథ తెలిస్తే ఈ గొడవ ఇంకోలా కనిపిస్తుంది.

మొదలు బ్రిటిష్ కాలంలో ఉంది. 1882లో స్థానిక స్వపరిపాలన మీద వైస్రాయ్ రిప్పన్ తీర్మానం, 1884లో మద్రాస్ స్థానిక బోర్డుల చట్టం వచ్చాయి. బోర్డులు సెస్సు వసూలు చేసి రోడ్లు, బడులు, ఆసుపత్రులు చూసుకునేవి, వాటి లెక్కలు సర్కారు ఆడిటర్లు చూసేవాళ్లు. ఆడిటర్ రిపోర్టు పైనున్న అధికారికి పోతుంది తప్ప ప్రజలు ఎన్నుకున్న సభకు కాదు. ఆ అలవాటు చాలాకాలం పోలేదు. ఇప్పటికీ పాత ఉద్యోగులు రాష్ట్ర ఆడిట్ శాఖను లోకల్ ఫండ్ ఆడిట్ అనే అంటారు, అది ఇప్పటికీ ఆర్థిక శాఖ కిందే పనిచేస్తుంది.

1959 అక్టోబర్ 11న నెహ్రూ షాద్‌నగర్ వచ్చి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ ప్రారంభించారు. సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి, డబ్బూ పెరిగింది, లెక్క అడిగే దారి మాత్రం పాతదే. 1978లో పంచాయతీరాజ్ మీద కేంద్రం వేసిన అశోక్ మెహతా కమిటీ ఒక మంచి మాట చెప్పింది. బలహీన వర్గాల కోసం ఇచ్చిన డబ్బు నిజంగా వాళ్లకే ఖర్చయిందా లేదా అన్నది జిల్లా స్థాయి సంస్థ ఒకటి సోషల్ ఆడిట్ (సామాజిక తనిఖీ) చేసి చూడాలని, దాంతోపాటు శాసనసభ్యుల కమిటీ కూడా చూడాలని. ఆ కమిటీ నివేదికలో కొన్ని ఊళ్లు కలిపి మండల పంచాయతీలు పెట్టాలన్న మాట అందరికీ గుర్తుంది, ఈ మాట ఎవరికీ గుర్తులేదు.

1989లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆడిట్ చట్టం వచ్చింది. పంచాయతీలు, మండలాలు, జిల్లా పరిషత్తుల లెక్కలు చూసే బాధ్యత రాష్ట్ర ఆడిట్ డైరెక్టర్‌కు ఇచ్చి, అన్నీ కలిపి ఒక ఏకీకృత నివేదిక చట్టసభ ముందుకు రావాలని అందులోనే రాశారు. ఇది చిన్న విషయం కాదు. మన దగ్గర శాసనసభకూ పల్లె ఖాతాకూ మధ్య చట్టం వేసిన దారి ఇదే.

1993 ఏప్రిల్ 24న పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది, కానీ ఆడిట్ గురించి చెప్పే 243-జె అధికరణం శాసనసభ చట్టం చేయవచ్చు అని వదిలేసింది, చేసి తీరాలి అనలేదు. దేశంలో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) రాష్ట్ర ప్రభుత్వ లెక్కల మీద ఇచ్చే నివేదిక సభలో పెట్టడం రాజ్యాంగం ప్రకారం తప్పనిసరి, పంచాయతీ లెక్కలకు ఆ బలం రాలేదు. 11వ ఆర్థిక సంఘం ఇది గమనించి, స్థానిక సంస్థల ఆడిట్‌కు కాగ్ సాంకేతిక మార్గదర్శనం, పర్యవేక్షణ ఉండాలని, నివేదికను, ప్రభుత్వ ఖర్చు మీద కాగ్ నివేదికలు పరిశీలించే ప్రజాపద్దుల కమిటీ లాంటి శాసనసభ కమిటీ ముందు పెట్టాలని సిఫారసు చేసింది. మన రాష్ట్రం 2004లో ఆ బాధ్యత కాగ్‌కు అప్పగించింది. 2010 నుంచి అమలైన 13వ ఆర్థిక సంఘం ఇంకాస్త గట్టిగా, ఈ ఆడిట్ నివేదికలు సభలో పెట్టడాన్ని పనితీరు గ్రాంటుకు షరతుగా పెట్టింది.

కాగితం మీద ఇంత ఉంది. ఊళ్లో ఏం జరుగుతుందో చూద్దాం. ఎండాకాలం బోరు మోటారు కాలిపోతుంది, నీళ్లు ఆగితే ఊరు ఊరుకోదు కాబట్టి సర్పంచ్ అప్పు చేసి బాగుచేయిస్తాడు, కార్యదర్శి బిల్లు పెడతాడు, అది ట్రెజరీకి వెళ్లి ఫ్రీజింగ్‌లో, అంటే చెల్లింపుల నిలుపుదలలో, పడి నెలల తరబడి కదలదు. ఆడిట్‌కు వచ్చినవాళ్లు క్యాష్ బుక్, వోచర్లు, పనుల కొలతలు రాసే ఎం.బుక్, స్టాక్ రిజిస్టర్ చూస్తారు. కొటేషన్ ఏదీ, పాత మోటారు ఎక్కడ పెట్టారు, కొలతలు ఎందుకు ఎక్కలేదు అని అభ్యంతరం రాస్తారు, తేలకపోతే సర్‌చార్జి, అంటే ఆ సొమ్ము బాధ్యుల నుంచే వసూలు. ఆ ప్రశ్నలన్నీ అవసరమే, దొంగ బిల్లులు పెట్టే పంచాయతీలూ ఉన్నాయి. కానీ పంచాయతీ సొంతంగా వసూలు చేసుకున్న ఇంటి పన్ను డబ్బు కూడా ట్రెజరీలో ఎందుకు ఇరుక్కుందో ఆ ఆడిట్ నోట్‌లో ఉండదు. అది అడగాలంటే ఆర్థిక శాఖ కార్యదర్శిని పిలిచి కూర్చోబెట్టగల వేదిక కావాలి, శాసనసభ కమిటీకి తప్ప ఆ శక్తి ఎవరికీ లేదు. నాకు ఈ విషయంలో ఉన్న పట్టుదల అంతా దీని గురించే. శాసనసభ పర్యవేక్షణ అంటే సర్పంచ్ మీద ఇంకో పెత్తనం అనుకుంటారు చాలామంది. సరిగ్గా చేస్తే అది సర్పంచ్ డబ్బుకు కాపలా.

కేరళ దీన్ని చేసి చూపించింది. 1996లో, ప్రణాళిక డబ్బులో పెద్ద వాటా స్థానిక సంస్థలకే ఇచ్చే ప్రజా ప్రణాళిక మొదలుపెట్టాక, బడ్జెట్‌తోపాటు నాలుగో అనుబంధం అని ఒక పుస్తకం సభ ముందు పెడుతున్నారు. ఏ పంచాయతీకి, ఏ మున్సిపాలిటీకి ఎంతో పేరుపేరునా అందులో ఉంటుంది. సభ ఆమోదించిన అంకె కాబట్టి తర్వాత చడీచప్పుడు లేకుండా కోసేయడం కష్టం. స్థానిక నిధుల లెక్కల కోసం అక్కడి సభకు విడిగా కమిటీ కూడా ఉంది. మహారాష్ట్రలో శాసనసభ్యుల పంచాయతీరాజ్ కమిటీ జిల్లా పరిషత్తులకు వెళ్లి, ఆడిట్ అభ్యంతరాలు ముందుపెట్టుకుని అధికారులను ప్రశ్నిస్తుంది.

మన దగ్గరా కింది నుంచి లెక్క అడిగిన అనుభవం ఉంది. ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచే ఉమ్మడి రాష్ట్రంలో సోషల్ ఆడిట్ మొదలైంది, కూలీల హాజరు పట్టీ అయిన మస్టర్ రోల్ ఊరి మధ్యలో చదివి వినిపించారు, దేశమంతా దాన్ని చూసి నేర్చుకుంది. పంచాయతీ నిధుల దగ్గరకు వచ్చేసరికి ఆ ఊపు కనిపించదు.

తెలంగాణలో 2019లో గెలిచిన సర్పంచ్‌ల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది, మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబర్‌లో జరిగాయి. మధ్యలో అంతా ప్రత్యేకాధికారుల పాలన. పాలకవర్గాలు లేవని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగాయి, మాజీ సర్పంచ్‌లు పాత బిల్లుల కోసం ధర్నాలు చేశారు. ఊళ్లో ఎన్నికైనవాళ్లే లేని ఆ రోజుల్లో పల్లె డబ్బు గురించి అడగడానికి మిగిలిన ఎన్నికైన సభ అసెంబ్లీ ఒక్కటే.

2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. మీ ఎమ్మెల్యే ఎదురుపడితే రెండు సంగతులు అడగండి: స్థానిక సంస్థల ఏకీకృత ఆడిట్ నివేదిక చివరిసారి సభలో ఎప్పుడు పెట్టారు, దాని మీద ఏ కమిటీ కూర్చుంది.