సామాను కొనే ముందు ఫ్రేము కొలవండి

చిరంజీవులు పెద్దమ్మడికి, చిన్నోడికి,

మీ తాతయ్య ఆశీస్సులు. మీ నాన్న పాత ఫ్రేముతో గేర్లు లేని సైకిలు కట్టుకోవడానికి మీరు పంపిన సామాను పట్టీ చూశాను. ఎర్ర రిమ్ములు, బంగారు రంగు చైను, తోలు సీటు, అన్నీ ఒకదానికొకటి రంగు కుదిరేలా ఏరారు. ఒక్కదాని పక్కన కూడా కొలత రాయలేదు. గేర్లు లేని సైకిలు కదా, సామాను తక్కువ, ఏది తెచ్చినా అతుకుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పట్టింపులు దీనికే ఎక్కువ. గేరు సైకిల్లో చైను వదులైతే గేరు మార్చే డీరెయిలర్ స్ప్రింగు లాగి పట్టుకుంటుంది. చైను కాస్త ఏటవాలుగా నడిచినా అది ఊరుకుంటుంది. సింగిల్ స్పీడులో అలా సర్దిపెట్టే భాగమంటూ ఏదీ ఉండదు. ఏ రెండు భాగాలు కలిసే చోటైనా కొలత సరిపోవాలి, అంతే.

ఒక మాట ముందే. మీ ఉత్తరంలో సింగిల్ స్పీడు, ఫిక్సీ ఒకటే అన్నట్టు రాశారు. సింగిల్ స్పీడులో ఫ్రీవీల్ ఉంటుంది, కాళ్లు ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. నా పాత 28 అంగుళాల సైకిలు అదే రకం. ఫిక్సీలో, అంటే ఫిక్స్‌డ్‌లో, వెనక పళ్లచక్రం, అంటే కాగ్, చక్రం నడిమి భాగమైన హబ్బుకు బిగిసి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరగాల్సిందే, మలుపులో కూడా ఆగవు. అందుకే దానికి 170 కంటే 165 మిల్లీమీటర్ల క్రాంకు, అంటే పెడలు తగిలించే చేయి, మేలు, వంగినప్పుడు పెడలు నేలకు తగలదు. ఉస్మానియా యూనివర్సిటీలో వెలోడ్రోమ్ ఉంది కదా, అలాంటి ట్రాకుల మీద తిరిగేవి ఫిక్స్‌డ్ సైకిళ్లే, వాటికి బ్రేకులు కూడా ఉండవు. రోడ్డు సంగతి వేరు. ఆటో ఎప్పుడు ఆగుతుందో, గేదె ఎప్పుడు అడ్డొస్తుందో తెలియని చోట ముందు బ్రేకు లేకుండా ఫిక్సీ తొక్కుతామంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు మీ నాన్న కాలేజీ రోజుల నాటి ఆ స్టీలు ఫ్రేము కిందికి దించండి. వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడిని డ్రాపవుట్ అంటారు. అది అడ్డంగా ఉందా, నిలువుగా ఉందా? అడ్డంగా ఉంటే నట్లు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, చైను బిగించుకోవచ్చు. నిలువుగా ఉంటే ఇరుసు ఒక్క చోటే కూర్చుంటుంది, జరగదు. దానికి ఫ్రీవీల్ పెట్టుకుంటే స్ప్రింగు ఉన్న చైన్ టెన్షనర్ ఒకటి తగిలించి నెట్టుకురావచ్చు. ఫిక్స్‌డ్‌కు అది పనికిరాదు. కాళ్లతో ఆపబోయినప్పుడు బలమంతా చైను కింది వరస మీద పడుతుంది, స్ప్రింగు ఆ లాగుడుకు నిలవదు. గాడి నిలువుగా ఉంటే ఫిక్సీ ఆశ ఈ ఫ్రేముతో వదులుకోండి. అడ్డంగా ఉంటే గాడి ఎంత పొడవుందో కూడా చూడండి. వెనక కాగ్‌లో ఒక పన్ను తేడా వస్తే ఇరుసు దాదాపు 3 మిల్లీమీటర్లు జరగాలి.

తర్వాత రెండు డ్రాపవుట్ల లోపలి ముఖాల మధ్య ఎంత ఎడం ఉందో కొలవండి. ట్రాక్ హబ్బులు 120 మిల్లీమీటర్లవి. పాత 6, 7 గేర్ల రోడ్డు సైకిళ్లకు 126, తర్వాత వచ్చినవాటికి 130, మౌంటెన్ సైకిళ్లకు ఎక్కువగా 135. నా సైకిలు వెనక హబ్బు దాదాపు 110. ఆ చక్రం తీసి ఇందులో పెట్టుకుంటామని రాశారే, ఈ ఒక్క కొలత చాలు అది కుదరదని చెప్పడానికి. మీ ఫ్రేము 126 అయితే, 120 హబ్బు పెట్టాలంటే ఇరుసుకు రెండు వైపులా మూడేసి మిల్లీమీటర్ల వాషర్లు వేయాలి, ఇరుసు పొడవు అందుకు చాలాలి. ఒకే వైపు ఆరు వేస్తే రిమ్ము మధ్యలోంచి మూడు మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. వాషర్లు వేయకుండా పానాతో నట్లు బిగించి ఫ్రేమునే దగ్గరికి లాగేవాళ్లున్నారు, ఆ పని చేయకండి. స్టీలు ఫ్రేమైతే తెలిసిన మేస్త్రీ కొలత చూసుకుంటూ నెమ్మదిగా వంచి సరిచేస్తాడు. అల్యూమినియం ఫ్రేము జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వకండి, అది విరుగుతుంది.

హబ్బు దగ్గర ఇంకాస్త ఆగాలి. ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. మామూలు ఫ్రీవీల్ త్రెడ్డు 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. ఫిక్స్‌డ్ కాగ్ త్రెడ్డు కూడా అదే. కాబట్టి ఫ్రీవీల్ హబ్బు మీదికి ఫిక్స్‌డ్ కాగ్ చక్కగా ఎక్కుతుంది. ముందుకు తొక్కినంతసేపూ ఇంకా బిగుస్తుంది కూడా. ఎక్కడో కంగారుపడి కాళ్లు వెనక్కి నొక్కిన క్షణంలో ఊడడం మొదలవుతుంది. అసలైన ట్రాక్ హబ్బుకు ఆ త్రెడ్డు బయట ఇంకో మెట్టు ఉంటుంది. అది 1.29 అంగుళాలది, ఎడమ త్రెడ్డు. దాని మీద లాక్‌రింగ్ ఎక్కుతుంది. కాగ్ ఊడబోయి లాక్‌రింగును తోస్తే, త్రెడ్డు ఎదురు దిశ కాబట్టి లాక్‌రింగు వదులయ్యే బదులు ఇంకా బిగుస్తుంది. మీ పట్టీలో ఉన్న హబ్బు బొమ్మను పెద్దది చేసి చూడండి. రెండు మెట్లు కనబడకపోతే దాని మీద ఫిక్స్‌డ్ కాగ్ పెట్టకూడదు. జిగురు వేసి బిగిస్తే చాలని, క్రాంకుల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ రింగు ఒకటి వేస్తే సరిపోతుందని చెప్పేవాళ్లు మీకు తగులుతారు. వినకండి.

ఒక వైపు ఫ్రీవీల్, రెండో వైపు ఫిక్స్‌డ్ కాగ్ పట్టే హబ్బులు దొరుకుతాయి, ఫ్లిప్ ఫ్లాప్ హబ్బులంటారు. కొంటే అదే కొనండి. చక్రం తిప్పి పెట్టుకుంటే చాలు. టూర్ డి ఫ్రాన్స్‌లో 1937 దాకా డీరెయిలర్లను రానివ్వలేదు. అంతకుముందు ఆ పందెగాళ్లు వెనక చక్రానికి రెండు వైపులా పళ్లచక్రాలు పెట్టుకుని, కొండ మొదట్లో దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్లు. మీరు ఇంట్లో కూర్చుని తిప్పుకోవడానికి బద్ధకించకండి.

ఇక చైన్‌లైన్. ముందు పళ్లచక్రం, అంటే చైన్ వీల్, వెనక కాగ్ ఒకే గీతలో ఉన్నాయా లేదా అన్నది. కంటితో చూసి సరిపోయిందనుకోకండి, స్కేలు పెట్టండి. వెనక ఎడం 120 అనుకుందాం, సగం 60. కుడి డ్రాపవుట్ లోపలి ముఖం నుంచి కాగ్ పళ్ల మధ్యకు 18 వచ్చిందనుకోండి. 60లో 18 పోతే 42. ట్రాక్ సామానుకు మామూలుగా ఉండే అంకె ఇదే. ఇప్పుడు ముందు వైపు. సీటు గొట్టం మందం 28.6 అయితే సగం 14.3. గొట్టం అంచు నుంచి చైన్ వీల్ పళ్ల మధ్య దాకా ఉన్న దూరాన్ని దానికి కలపండి. అది 27.7 ఉంటే మొత్తం 42, రెండూ కలిశాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఫరవాలేదు. ఐదారు వచ్చిందంటే చైను గరగరమంటుంది, పళ్లు అరుగుతాయి, ఫిక్స్‌డ్‌లో అయితే చైను ఊడి వెనక చక్రం పట్టేసే ప్రమాదం ఉంది. మౌంటెన్ సైకిలు క్రాంకు చౌకగా వస్తోందని పట్టీలో పెట్టారు కదా, దాని చైన్‌లైన్ దాదాపు 50. 42 ఉన్న హబ్బుతో అది కలవదు. ఈ అంకెను మార్చేది బాటమ్ బ్రాకెట్ ఇరుసు పొడవు, అందుకే ముందు క్రాంకు ఏదో తేల్చుకుని, ఆ క్రాంకు కంపెనీ చెప్పిన పొడవుదే కొనాలి. నా సైకిలు క్రాంకులు అడ్డంగా దిగే మేకుల్లాంటి కాటర్ పిన్నులతో బిగించేవి, వాటిని చతురస్రపు ఇరుసుకు వేయలేరు.

చైను సంగతి సులువే. 1/8 అంగుళం వెడల్పుది అన్ని సింగిల్ స్పీడు పళ్ల మీదా కూర్చుంటుంది. గేరు సైకిళ్ల 3/32 చైను మాత్రం 1/8 పళ్ల మీద ఎక్కదు. గేరు సైకిలు చైన్ వీల్ వాడకండి. గేరు మారడానికి వీలుగా దాని పళ్లు కొన్ని పొట్టిగా కోసి ఉంటాయి, మనకు పళ్లన్నీ సమానంగా ఉన్నది కావాలి. బిగించాక క్రాంకును నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. ఒక చోట చైను బిగువుగా, ఇంకో చోట వదులుగా ఉంటుంది. అది తప్పు కాదు, చైన్ వీళ్లు అచ్చం గుండ్రంగా ఉండడం అరుదు. బాగా బిగువున్న చోట కూడా పట్టేయకుండా, అర అంగుళం ఆడేలా చూసుకోండి.

టైర్ల దగ్గర చిన్నోడు బోల్తా పడ్డాడు. నా సైకిలు టైరు 28 అంగుళాలది, కొనబోయే రిమ్ము 700సీ, అదీ 28 అంగుళాలే అని రాశాడు. పేరు అదే, టైరు వేరు. 28 × 1½ అని రాసున్న మన పాత టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. 700సీ అయితే 622. పదమూడు మిల్లీమీటర్ల తేడాతో టైరు రిమ్ము మీద నిలవదు. 26 అంగుళాలని రాసినవాటిలోనే 559, 584, 590 ఉన్నాయి. అంగుళాలు వదిలేసి టైరు పక్కన 28-622 లాగా అచ్చయి ఉండే అంకె చూడండి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం. ఆ రెండోది టైరుకూ రిమ్ముకూ ఒకటే కావాలి.

పళ్ల లెక్క మీరు ముందు 48, వెనక 16 అని రాశారు. పెడళ్లు ఒక చుట్టు తిరిగితే చక్రం మూడు చుట్లు, అంటే 6.4 మీటర్లు. నా 44, 18తో దాదాపు 5.4 మీటర్లు వస్తుంది. హైదరాబాదు ఎత్తుపల్లాల్లో మొదటి వారంలోనే మోకాళ్లు పట్టుకుంటారు. పైగా ఫిక్స్‌డ్‌లో కాళ్లు బిగబట్టి జారిస్తే, 48ని 16 సరిగ్గా భాగిస్తుంది కాబట్టి ప్రతిసారీ టైరు ఒకే చోట రోడ్డును రాస్తుంది, ఆ చోటే బొక్క పడుతుంది. 46, 16 అయితే ఎనిమిది చోట్ల పంచుకుంటుంది, 44, 17 అయితే పదిహేడు చోట్ల. మీకు 44, 17 పెట్టుకోమంటాను. తొక్కడానికీ తేలికే.

హ్యాండిలు, సీటు మీ ఇష్టం, వాటి గొట్టం మందం ఫ్రేముకు సరిపోతే చాలు. బ్రేకు చేయి రిమ్ము దాకా అందుతుందో లేదో చక్రం పెట్టాక చూసి కొనండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. గాడి ఫొటో, వెనక ఎడం, సీటు గొట్టం మందం, బాటమ్ బ్రాకెట్ గొట్టం వెడల్పు, ఈ నాలుగూ పెద్దమ్మడి చేత కొలిపించి పంపండి. అవి వచ్చేదాకా హబ్బు, క్రాంకు, రిమ్ములు కొనకండి. ఆ బంగారు రంగు చైను 1/8ది అయితే తెప్పించుకోండి, ఫ్రేము ఏదైనా అది పనికొస్తుంది.

మీ తాతయ్య