వెనక బెల్టుకి ఎవరు చెప్తారు?

విశాఖపట్నం

చిన్నా, బుజ్జీ,

తాతయ్య ఆశీస్సులు. పోర్టు వైపు నుంచి వస్తూ, అంత ఎత్తున పోతున్న రేకుల సొరంగాన్ని చూసి అందులో ఏముందని అడిగారట. అందులో బెల్టులున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల నుంచి రైల్లో దిగిన ఇనుప ఖనిజాన్ని ఓడ దాకా మోసేది అలాంటి బెల్టులే. ఒక బెల్టు చివర రాలిన ఖనిజం రెండోదాని మీద, అక్కణ్ణుంచి మూడోదాని మీద పడుతుంది. అది విని బుజ్జి మంచి ప్రశ్న వేసింది: "మధ్య బెల్టు ఆగిపోతే వెనకదానికి ఎవరు చెప్తారు?"

చెప్పేది పీఎల్‌సీ. అంటే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్. బీరువాలాంటి ప్యానెల్లో బిగించిన పెట్టె. దానికి ఒకవైపు స్విచ్‌ల నుంచీ సెన్సర్ల నుంచీ వైర్లు వస్తాయి, అవి ఇన్‌పుట్లు. ఇంకోవైపు మోటార్లకు కరెంటు కలిపి తెంపే కాంటాక్టర్లనే పెద్ద స్విచ్‌లకు వైర్లు పోతాయి, అవి అవుట్‌పుట్లు.

మీ బడిలో హాజరు ఎలా తీసుకుంటారో గుర్తు చేసుకోండి. టీచరుగారు పేర్లన్నీ పిలిచి పట్టీ నింపుతారు. తర్వాత పట్టీ చూసే "ఇవాళ ముప్ఫై రెండు భోజనాలు" అని లెక్క కడతారు, పిల్లల వైపు మళ్ళీ చూడరు. ఆఖర్న ఆ అంకె వంటగదికి పంపుతారు. పీఎల్‌సీ కూడా అంతే. ముందు ఇన్‌పుట్లన్నీ ఒకసారి చూసి పట్టీలో రాసుకుంటుంది, పట్టీ చూస్తూ ప్రోగ్రాం మొదటి గీత నుంచి చివరి గీత దాకా చదువుతుంది, తర్వాత అవుట్‌పుట్లకు ఒకేసారి కబురు పంపుతుంది. మళ్ళీ మొదలు. ఈ చుట్టును స్కాన్ అంటారు. ఒక స్కాన్‌కి పది మిల్లీసెకన్లు పడితే సెకనుకి నూరుసార్లు హాజరు తీసుకున్నట్టు!

రెండు హాజర్ల మధ్య ఒక పిల్లాడు లోపలికొచ్చి వెంటనే వెళ్ళిపోతే పట్టీకి తెలియదు కదా. మూడు మిల్లీసెకన్లు మాత్రమే వెలిగి ఆరిన సెన్సరు కూడా అలాగే తప్పిపోవచ్చు. ఇంకోటి. టీచరుగారు మొదటి పేజీలో "ముప్ఫై రెండు" అని, చివరి పేజీలో "సున్నా" అని రాస్తే వంటగదికి చేరేది సున్నాయే. ఒకే మోటారుకు ప్రోగ్రాంలో రెండుచోట్ల ఆజ్ఞ రాస్తే చివరిదే చెల్లుతుంది. కొత్తగా ప్రోగ్రాం రాసేవాళ్ళు తరచూ చేసే తప్పు ఇది.

మా రోజుల్లో ఈ పని రిలేలది, అంటే కరెంటుతో పడి లేచే చిన్న స్విచ్‌లది. ప్యానెల్ నిండా టకటకలాడే రిలేలు. క్రమం కాస్త మార్చాలంటే వైర్లు ఊడదీసి మళ్ళీ కట్టాలి. అమెరికాలో కార్లు చేసే జనరల్ మోటార్స్ వాళ్ళకీ అదే బాధ. వైర్లు మార్చకుండా రాత మార్చితే చాలే యంత్రం కావాలని 1968లో అడిగారు. డిక్ మోర్లీ అనే ఇంజనీరు బృందం చేసిన దానికి మోడికాన్ 084 అని పేరు. అది వాళ్ళ ఎనభై నాలుగో ప్రాజెక్టు.

ఇక బెల్టుల సంగతి. ఖనిజం ఒకటి, రెండు, మూడు వరసలో పోతుంది కానీ, బెల్టులు తిరగడం మొదలెట్టేది మూడు, రెండు, ఒకటి వరసలో. ముందుది తిరుగుతుంటేనే వెనకది దాని మీద పోయాలి. ఆపేటప్పుడు వరస తిరగబడుతుంది: ముందు పోత ఆపి, ఒకటో బెల్టు ఖాళీ అయ్యాక దాన్ని, తర్వాత రెండు, మూడు. రెండోది హఠాత్తుగా నిలిచిపోతే ఒకటోది ఆ క్షణమే ఆగాలి, లేకపోతే కూడలిలో ఖనిజం గుట్టపడి బెల్టు చిరుగుతుంది. మూడోది మాత్రం తన మీదున్నది దించేసుకోవాలి.

ఆగిందని ఎలా తెలుస్తుంది? మోటారు తిరుగుతున్నా బెల్టు జారిపోవచ్చు. అందుకే మోటారు లేని చివర, బెల్టుతోపాటే తిరిగే రోలర్‌కి ఇనప రేకు బిగించి, పక్కన ప్రాక్సిమిటీ సెన్సర్ పెడతారు. రేకు దగ్గరకొచ్చిన ప్రతిసారీ ఒక పల్స్, అంటే సెన్సర్ ఒకసారి వెలిగి ఆరినట్టు. పల్సులు రాకపోతే బెల్టు నిలిచిందన్నమాట. అయితే స్టార్ట్ నొక్కిన మొదటి కొన్ని సెకన్లు బెల్టు వేగం అందుకోదు. అంతసేపు పల్సులు చూడొద్దని టైమర్ పెట్టాలి. అది మరిచిపోతే బెల్టు ఎన్నిసార్లు నడిపినా ఆగిపోతుంది.

బెల్టు పొడుగునా ఒక తాడు ఉంటుంది. ఎవరైనా లాగితే బెల్టు ఆగాలి. ఆ తాడు స్విచ్ నేరుగా కాంటాక్టర్ కరెంటే తెంపాలి. పీఎల్‌సీకి ఆగిందన్న కబురు మాత్రం చేరితే చాలు, మనిషి ప్రాణం స్కాన్ మీద పెట్టకూడదు.

మన సముద్రపు గాలికి రాగి టెర్మినళ్ళు పచ్చబడతాయి, ఎర్ర దుమ్ము సెన్సర్ కప్పేస్తుంది. ఏదైనా ఆగితే వెంటనే ప్రోగ్రాం తెరవకూడదు. పీఎల్‌సీ మీద ప్రతి ఇన్‌పుట్‌కీ చిన్న దీపం ఉంటుంది. సెన్సర్ ముందు రేకు ఉన్నా దీపం వెలగలేదంటే ముందు బయట వైరూ సెన్సరూ చూడాలి. వెలిగితేనే ప్రోగ్రాం వైపు వెళ్ళాలి. ముందు చూడాల్సింది ఆ దీపమే.

మీరొక పని చేయండి, పీఎల్‌సీ ప్రోగ్రాంలోని ఒక గీత ఎలా ఉంటుందో తెలుస్తుంది. కాగితం మీద రెండు నిలువు గీతలు, మధ్య ఒక అడ్డగీత గీయండి. దాని మీద వరసగా స్టాప్, స్టార్ట్, చివర గుండ్రంగా మోటారు. స్టాప్ నొక్కితే దారి తెగుతుంది, స్టార్ట్ నొక్కితే కలుస్తుంది. స్టార్ట్ కింద ఒక పక్కదారి గీయండి, మోటారు తిరుగుతుంటేనే అది కలుస్తుంది. స్టార్ట్ నొక్కి వదిలేశారు, మోటారు తిరుగుతోంది. ఇప్పుడు కరెంటు పోయి మళ్ళీ వచ్చిందనుకోండి. మోటారు దానంతటదే తిరుగుతుందా? గీత వెంట వేలు పోనిచ్చి చూసి నాకు రాయండి.

మీ తాతయ్య